యూదుల ఆధ్యాత్మిక జీవనమున పునరారంభము

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరు వఱకు గల రాజమార్గమునకు ఇరుప్రక్కల నున్న శిక్షణాలయములను మన విద్యార్థులెల్లరు నెఱుగుదురు. ఒకమాఱు పరీక్ష తప్పినవారును, రెండవమాఱును తప్పినవారును, తలిదండ్రులకు ముఖము చూపలేక మూడవమాఱు చదువ వచ్చినవారును అందు గలరు. వారి చేతనున్నది క్రొత్త పుస్తకము కాదు, నిరుడు చదివినదే. చదివినదానినే మొదటి పుటనుండి మరల చదువుట అవమానమని వారిలో ననేకుల తలంపు. ఈ తలంపు సరియైనదేనా యని విచారించుటకు, ఒక్క గ్రంథమునే తరతరములుగా మరల మరల మొదటినుండి చదువుచున్న యూదజాతి యాచారము మనకు మిక్కిలి యుపకరించును.

మోషే పంచకాండములను యూదులు తోరా యందురు. దానిని 54 భాగములుగా విభజించి, ప్రతి విశ్రాంతిదినమున నొక భాగమును, కొన్ని వారములయందు రెండేసి భాగములను సమాజమందిరమున చదివి, ఏటేట ముగింతురు. ముగించు దినమునకు సింహత్ తోరా, అనగా తోరా యానందము, అని పేరు. అది శరత్కాలమున పర్ణశాలల పండుగ వెనువెంటనే వచ్చును. ఆనాడు గ్రంథపు చుట్టలను చేతులకెత్తుకొని పాడుచు నాట్యమాడుదురు. అయితే ద్వితీయోపదేశకాండపు చివర నేమున్నది? నలువదియేండ్లు ప్రజలను నడిపించిన మోషే వాగ్దత్తభూమిని కొండమీదనుండి కన్నులార చూచి, అందు కాలుమోపకయే మరణించెను. గ్రంథము గమ్యము చేరకయే ముగియుచున్నది! చదువరి అచ్చట నాగి దుఃఖింపవలసినదే. కాని యాచారము ఆగనీయదు. ఆ యారాధనలోనే వేఱొక చుట్టను విప్పి ఆదికాండములోని సృష్టికథను చదువ మొదలిడుదురు. ముగింపునకును ఆరంభమునకును నడుమ నొక్క దినమైనను ఎడము లేదు. మరల మొదలిడుటకు మనస్సున నుత్సాహము పుట్టువఱకు వారు వేచియుండరు. పంచాంగమే వారిచేత మొదలిడించును. ఈ యేర్పాటు నాకు మిక్కిలి వివేకవంతముగ తోచుచున్నది.

తాల్ముదు పఠనమునందును ఇట్టి పద్ధతియే కలదు. 1923లో పోలండు దేశపు రబ్బీ మేయిర్ షపీరో ప్రోత్సాహమున, లోకమందలి యూదులు దినమున కొక పత్రము చొప్పున ఏకకాలమున చదువ నారంభించిరి. పత్రములు 2,711, ముగియుటకు ఏడున్నర యేండ్లు పట్టును. ముగిసిన వెంటనే మరల మొదటి పత్రము. పదునాలుగవ యావృత్తి 2020 జనవరి 5న మొదలయ్యెను. మూడవ యావృత్తి 1938 నుండి 1945 వఱకు సాగెనని చెప్పినచో, ఆ యేండ్లలో ఐరోపా యూదులకు సంభవించినదాని నెఱిగిన పాఠకునకు వేఱుగ వివరింప నక్కఱలేదు.

వ్యక్తుల విషయమున రబ్బీ అకీవా కథ ప్రసిద్ధము. నలువదియేండ్ల ప్రాయము వఱకు ఆయన అక్షరము లెఱుగడనియు, నీటిధారచే గుంటపడిన రాతినిచూచి, తన చిన్న కుమారునితో గూడ బడికిపోయి అక్షరములు దిద్దెననియు యూదుల యైతిహ్యము. ఈ భాగమును మన యుపాధ్యాయులు తఱచుగ చెప్పుదురు. దాని తరువాతి భాగము అంతగా వినబడదు. నా యభిప్రాయమున అదియే గొప్పది. ఆయనకు ఇరువది నాలుగువేలమంది శిష్యులుండి, వారందఱును ఒక్క ఋతువులో మరణించిరట. జీవితమంతయు శ్రమించి కట్టినది కూలిపోయెను. అప్పుడా వృద్ధుడు దక్షిణదేశమునకు పోయి, అయిదుగురు శిష్యులను చేరదీసి, మొదటినుండి బోధింప నారంభించెను. నేడు నిలిచియున్న రబ్బీల బోధ యా యైదుగురి ద్వారముననే వచ్చినదని తాల్ముదు చెప్పుచున్నది. నలువదియవ యేట అక్షరములు దిద్దుటకు ధైర్యము చాలును. ఇరువది నాలుగువేలమందిని పోగొట్టుకొని యైదుగురితో సంతుష్టి చెందుటకు ధైర్యముతోపాటు వినయమును కావలయును.

పశ్చాత్తాపమునకు యూదులు వాడు మాట తెషువా. మరలివచ్చుట యని దాని యర్థము. పండ్రెండవ శతాబ్దపు పండితుడగు మైమోనిదీసు దానికొక పరీక్ష చెప్పెను: పూర్వము తప్పుచేసినవానికి అదే యవకాశము, అదే శక్తి మరల కలిగినప్పుడు అతడు తప్పు చేయకుండిననే మరలిరాక సంపూర్ణము. అనగా పడిన చోటికే పోయి నిలువవలయును. మఱియు పొరుగువానికి చేసిన కీడు, వానియొద్దకు పోయి క్షమాపణ వేడనిదే, ప్రాయశ్చిత్తదినపు ఉపవాసముచేత మాత్రము తొలగదు.

ఇదంతయు దూరదేశపు సంగతి యని తలంపవలదు. ఎల్.బి. నగరు దాటి తూర్పునకు బోవు మార్గముననే బెజవాడ చేరి, గుంటూరు మీదుగా పోయినచో చేబ్రోలు వచ్చును. దాని చెంత కొత్తరెడ్డిపాలెమున బెనే ఎఫ్రాయీము అను తెలుగు యూదులు గలరు. వారు మాదిగ కులమున పుట్టినవారు. బహుళముగ వ్యవసాయ కూలీలు. పూర్వము క్రైస్తవ సంఘములలో నుండినవారు. యాకోబి సోదరుల నాయకత్వమున 1980 దశకమునుండి యూదాచారముల నవలంబించి, తరువాతి దశకమున నొక చిన్న సమాజమందిరమును కట్టుకొనిరి. తాము ఎఫ్రాయీము గోత్రపు సంతతివారమని వారి విశ్వాసము. దానికి ఆధారము పెద్దలనుండి వచ్చిన నోటిమాటయే కాని ప్రాచీన లేఖనములు కావు. వారినిగూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వ్రాసిన గ్రంథము 2013లో వెలువడెను.

సంఘమును విడిచినవారిని గూర్చి మిషను పాఠశాల పత్రికలో వ్రాయుట కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను వారు చేపట్టినది క్రొత్త పుస్తకము కాదని గమనింపుడు. తెలుగు బైబిలులో చిన్ననాటినుండి విన్న మోషే కథనే, దావీదు కీర్తనలనే వారు మరల మొదటినుండి తెఱచిరి. పెద్దవయస్సున హీబ్రూ ప్రార్థనలు నేర్వబూనిరి. కూలికి పోనిదే యిల్లు గడవనివారికి శనివారమున పని మానుట ఎంత భారమో చెప్ప నవసరము లేదు.

వారి శ్రమకు లోకము ముద్ర వేయలేదు. మణిపుర, మిజోరములలోని బ్నే మెనషే వారిని ఇశ్రాయేలు సంతతిగా 2005లో ఆ దేశపు ప్రధాన రబ్బీలలో నొకరు అంగీకరించిరి. వారును విధిపూర్వకముగ మతస్వీకారము చేసినగాని ఆ దేశమున స్థిరపడుటకు వీలులేకుండెను. కొత్తరెడ్డిపాలెపు వారి కట్టి యంగీకారమును లభింపలేదు. మోషేవలె వారిలో పెద్దలు కొందఱు ఆ దేశమును దూరమునుండి తలంచుచునే కన్నుమూయవలసివచ్చును. పిల్లలకు మాత్రము ఆ మందిరమున పాఠము ఆలెఫ్, బేత్ అను మొదటి యక్షరములతోనే మొదలగును.