విడుదల పొందినవారిని వట్టి చేతులతో పంపరాదు

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 15:12–15, నెహెమ్యా 5:1–13
పాఠోద్దేశము: విడుదల ఒక దినపు పని కాదనియు, దానిని నిలువబెట్టుట సంఘము బాధ్యత అనియు గ్రహించుట.



అమెరికాలో బానిసత్వం ఎప్పుడు పోయిందని తరగతిలో అడిగితే, చదువుకున్న పిల్లవాడు 1865 అని ఠక్కున చెబుతాడు. మార్కు వేయక తప్పదు. అయినా అది సగం జవాబే. ఆ మిగిలిన సగమే ఈ నెల మన పాఠం.

ముందుగా వాక్యభాగాన్ని నిదానంగా చదవండి. హెబ్రీ దాసుడు ఆరేళ్లు పనిచేసి ఏడవ యేట విడుదల పొందుతున్నాడు. యజమానుడు తలుపు తీసి "ఇక వెళ్లు" అంటే చాలదంటున్నాడు దేవుడు. మందలోనుండి, కళ్లంలోనుండి, ద్రాక్ష గానుగలోనుండి వానికి ధారాళంగా ఇచ్చి పంపాలి. ఎందుకు? చేతిలో ఏమీ లేనివాడు నాలుగు నెలల్లో మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడతాడు గనుక.

1. ఒక బాప్టిస్టు సేవకుడు అడిగినది

1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధం నాలుగేళ్లు సాగింది. ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించారు. దక్షిణ రాష్ట్రాలలో బానిసలుగా ఉన్నవారు సుమారు 40 లక్షలు. యుద్ధం ముగింపుకు వస్తుండగా, 1865 జనవరి 12న జార్జియాలోని సవానా పట్టణంలో సేనాని షెర్మన్, యుద్ధమంత్రి స్టాంటన్ 20 మంది నల్లజాతి సంఘనాయకులను పిలిపించి, మీకు ఏమి కావాలని అడిగారు. అందరి తరపున మాట్లాడినవారు 67 ఏండ్ల బాప్టిస్టు సేవకుడు గారిసన్ ఫ్రేజియర్ గారు. ఎనిమిదేళ్ల క్రితమే ఆయన వెయ్యి డాలర్లు చెల్లించి తనకూ తన భార్యకూ విడుదల కొనుక్కున్నారు. ఆయన దయాదానం అడుగలేదు. భూమి ఇప్పిస్తే మా చేతులతో దున్నుకొని మమ్మును మేమే పోషించుకొంటామని చెప్పారు.

నాలుగు రోజులకు షెర్మన్ ఆజ్ఞ వెలువడింది. సముద్రతీరపు భూములలో కుటుంబానికి 40 ఎకరాల వరకు కేటాయించారు. ఆ వేసవికి సుమారు 40 వేలమంది ఆ నేలలో స్థిరపడ్డారు. అయితే ఏప్రిల్‌లో లింకన్ హతుడయ్యాడు. తరువాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. అక్టోబరులో ఆ కబురు చెప్పడానికి సేనాని హోవర్డ్ ఎడిస్టో ద్వీపానికి వెళ్లి, ఆలయంలో కూడిన జనుల ముందు నిలబడవలసి వచ్చింది. విత్తనం వేసినవారిని గట్టు దిగమన్నారు. భూమి లేనివారు పంటలో భాగానికి పాత దొరల పొలాలే దున్ని, అప్పుల ఖాతాలో చిక్కుకున్నారు. పాలేరుతనం, వెట్టి ఎరిగిన మన పెద్దలకు ఆ ఖాతా సంగతి వేరే చెప్పనక్కరలేదు. నెహెమ్యా 5వ అధ్యాయంలో జనులు పెట్టిన మొర కూడా ఇదే.

2. చట్టము కాగితము మీద, కాపుదల చేతలలో

రాజ్యాంగానికి మూడు సవరణలు వచ్చాయి. 1865లో 13వది బానిసత్వాన్ని రద్దుచేసింది. 1868లో 14వది పౌరసత్వాన్ని, చట్టం ముందు సమాన రక్షణను ఇచ్చింది. 1870లో 15వది జాతి, రంగు కారణంగా ఓటు నిరాకరించరాదన్నది. ఆ యేడే మిసిసిపీ నుండి హైరమ్ రెవెల్స్ అనే సేవకుడు సెనేట్‌లో కూర్చున్న మొదటి నల్లజాతీయుడయ్యాడు. ఆ కాలంలో 16 మంది నల్లజాతీయులు కాంగ్రెసు సభ్యులయ్యారు.

కాని ముసుగు వేసుకున్న దౌర్జన్యం వెంటనే లేచింది. 1873లో ఈస్టరు ఆదివారంనాడే లూసియానాలోని కోల్ఫాక్స్‌లో పదుల సంఖ్యలో నల్లజాతివారిని చంపారు. దోషులుగా తేలినవారి శిక్షలను 1876లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1877లో దక్షిణాదిన కేంద్ర సైన్యపు కాపుదల తొలగింది. 1890లో మిసిసిపీ రాష్ట్రం ఓటుపన్ను, చదువు పరీక్ష పెట్టి ఓటును వారి చేతినుండి జారవిడిచింది. సవరణలు పుస్తకంలో అలాగే ఉన్నాయి. వాటిని కాపాడే చేయి లేకపోయింది. 1965లో ఓటుహక్కుల చట్టం వచ్చేవరకు ఆ 15వ సవరణ దక్షిణాదిన చాలామట్టుకు నిద్రపోయిందనే చెప్పాలి.

3. కూలిపోనివి

అన్నీ పోయాయా? పోలేదు. వారు స్వయంగా కట్టుకున్న సంఘాలు, బడులు నిలిచాయి. అనేక రాష్ట్రాలలో బానిసకు అక్షరం నేర్పడమే నేరంగా ఉండేది. విడుదల రాగానే ముసలివారు సైతం పిల్లల పక్కన పలక పట్టి కూర్చున్నారు. 1867లో జార్జియాలోని అగస్టా పట్టణంలో స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్టిస్టు ఆలయపు నేలమాళిగలో ఒక బడి పుట్టింది. అదే నేటి మోర్‌హౌస్ కళాశాల. 1948లో అక్కడ పట్టా పుచ్చుకొన్న మార్టిన్ లూథర్ కింగ్ గారే పోయిన హక్కులకోసం జనులను నడిపించారు. 1881లో అట్లాంటాలో మరొక బాప్టిస్టు ఆలయపు నేలమాళిగలో 11 మంది స్త్రీలతో మొదలైన బడి స్పెల్‌మన్ కళాశాల అయింది.

మరొక సంగతి. అమ్మకాలలో చెదరిపోయిన తల్లిని, తమ్ముణ్ణి వెదకుతూ విముక్తులు ఎన్నో ఏళ్లు సంఘ పత్రికలలో ప్రకటనలు వేయించారు. ఆదివారం బల్లమీదనుండి వాటిని చదవమని న్యూ ఆర్లీన్స్‌లోని ఒక మెథడిస్టు పత్రిక కాపరులను కోరేది. ఇలాంటి చిన్న పత్రికను తక్కువగా ఎంచవద్దు.

4. మన పాలు

బాప్టిస్టులమైన మనం ఒక నిజం ఒప్పుకోవాలి. 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలింది బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చునా అన్న వివాదం మీదనే. దక్షిణ బాప్టిస్టు కన్వెన్షన్ 1995లో ఆ పాపం ఒప్పుకొని క్షమాపణ వేడుకొన్నది. అప్పటికి 150 ఏళ్లు గడిచాయి. ఇటు ఉత్తరాది బాప్టిస్టులు పంపిన క్లౌ దొరగారు నెల్లూరు చేరినది ఆ 1865లోనే. మరుసటి యేడు ఒంగోలు వెళ్లారు. అక్కడి విముక్తులు పలక పట్టిన కాలంలోనే ఇక్కడ మన పూర్వికుల చేతికీ పలక వచ్చింది.

మన తాతలు ఊరు విడిచి రైల్వేకో, గనికో, మిల్లుకో వచ్చినప్పుడు వట్టి చేతులతోనే వచ్చారు. ఇప్పుడు మనలో కొందరి ఇళ్లలో పనివారున్నారు. ఏళ్ల తరబడి గిన్నెలు తోమిన అమ్మ ఒళ్లు సహకరించక మానుకుంటే, ఆ నెల జీతం లెక్కగట్టి పంపుతున్నామా, లేక కళ్లంలోనుండి తీసి ఇస్తున్నామా? మన ఊళ్లనుండి ఇవాళ కట్టుబడి పనికి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న తెలుగువారి పిల్లలకు బడి ఉందా? ఓటరు జాబితాలో, రేషన్ కార్డులో వారి పేర్లున్నాయా? ఆదివారం వారు వెనుక బల్లమీద కూర్చుంటే మనం చూస్తున్నామా? నీవు ఐగుప్తులో దాసుడవని మరువవద్దని 15వ వచనం చెబుతున్నది మనకే.

చర్చించుటకు ప్రశ్నలు:
1. దేవుడు విడుదలతోపాటు మంద, కళ్లం, గానుగ అని ఎందుకు పేర్కొన్నాడు?
2. ఫ్రేజియర్ గారు సొమ్ము అడుగక భూమి ఎందుకు అడిగారు?
3. మన సంఘం ఈ యేడు ఒక కుటుంబాన్ని వట్టి చేతులతో పంపకుండా ఏమి చేయగలదు? పేరు వ్రాసుకొని రండి.

ప్రార్థన: ప్రభువా, మమ్మును విడిపించితివి. మేము మరొకరిని వట్టి చేతులతో పంపకుండునట్లు మా హృదయములను, మా చేతులను తెరువుము. ఆమేన్.