ఫుకియన్ టీ బోన్సాయ్ ఆకులు రాలుస్తోందా?

ప్రశ్న: నర్సరీ నుంచి ఫుకియన్ టీ బోన్సాయ్ తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాం. రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మొక్కకు తక్కువైంది నీరు కాదమ్మా, వెలుతురు. పేరు చైనాదే అయినా కార్మోనా అని కూడా పిలిచే ఈ పొద దక్షిణ భారతంలోనూ సహజంగా పెరుగుతుంది. ఉదయపు ఎండ తగిలే బాల్కనీలోకి మార్చండి. ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టకుండా వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయండి.

రోజూ అలవాటుగా నీళ్లు పోయొద్దు. వేలితో తాకి చూసి, పైమట్టి ఆరితేనే కుండీ అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి. కింది పళ్లెంలో నీరు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి.

ఆకుల మీది సన్నని తెల్లచుక్కలు తెగులు కాదు, ఈ జాతి లక్షణమే. ఆకు మొదట్లో దూదిలా అంటుకుని, గీకితే ఊడొస్తే మాత్రం పిండినల్లి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

కొత్త చిగుళ్లు వచ్చేదాకా ఎరువులు, కత్తిరింపులు ఆపండి. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొక్కలో ప్రాణం ఉన్నట్టే. ఓపిక పట్టండి, కోలుకుంటుంది.