ఉద్యోగావకాశ సమానత్వము: ఖాళీ వార్త యెవరికి జేరవలెను?

మన సంఘ సభ్యులలో పెక్కుమంది బిడ్డలు చదువు ముగించి ఉద్యోగముల కొరకు ఎదురు చూచుచున్నారు. రెండెకరముల చెలకను నలుగురన్నదమ్ములకు పంచినచో ఒక్కరికిని చాలదు గదా. కావున ఎరువులను గూర్చియు, పరపతిని గూర్చియు వ్రాయు ఈ పుటలలో, ఈ నెల ఉద్యోగములయందు సమానావకాశమనగా నేమో కొంత విచారింతము. ఇది పట్టణవాసుల విషయమని కొందరు తలంచుదురు. మా యభిప్రాయము అట్టిది కాదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగములో 16వ అధికరణము దీనికి మూలము. ప్రభుత్వోద్యోగముల విషయమున పౌరులందరకు సమానావకాశ ముండవలెననియు, మతము, జాతి, కులము, లింగము, వంశము, పుట్టిన చోటు, నివాసము అను కారణములచేత మాత్రమే ఎవ్వరిని అనర్హులుగా చేయరాదనియు దాని సారాంశము. ఇచ్చట మనవారు తరచుగా పొరబడు విషయ మొకటి కలదు. ఈ హక్కు ఉద్యోగము పొందు హక్కు కాదు. అర్హత గలవాడు దరఖాస్తు పెట్టుకొనుటకును, తక్కిన వారితో సమముగా పరిశీలింపబడుటకును గల హక్కు మాత్రమే. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాడు దీనిని చూపి ఉద్యోగ మడుగజాలడు. పరీక్షయే జరుపక మరియొకనిని కూర్చుండబెట్టినచో అడుగగలడు.

రైతులకు ఈ సంగతి కాలువ నీటివలన చక్కగా బోధపడును. కాలువకు నీరు విడిచి, ఎవరి బోదె వారు తెరచుకొనవచ్చునని చెప్పినచో అది పైకి సమానముగానే కనబడును. అయినను తూము చెంతనున్న చేలు నిండి పొర్లుచుండగా శివారు భూములలో నారు ఎండిపోవుచుండును. ఈ బాధ తెలియని ఆయకట్టు లేదు. అందుచేతనే వంతులు పుట్టినవి. ఉద్యోగములలో వంతులు పుట్టుటకును కారణ మిదియే.

మన ప్రాంతములో ఇట్టి వంతులకు శతాబ్ద చరిత్ర కలదు. కోస్తాంధ్రము, రాయలసీమ చెన్నరాజధానిలో నున్న కాలమున, 1920లో జస్టిస్ పక్షమువారు అధికారమునకు వచ్చిరి. ప్రభుత్వోద్యోగములు కొలదిమంది చేతిలోనే యున్నవను ఫిర్యాదు మీద 1921, 1922 సంవత్సరములలో ఉత్తర్వులు వెలువడెను. 1921 మొదలు 1926 వరకు ప్రధానమంత్రిగా నుండినవారు పానుగల్లు రాజావారు, మన తెలుగువారే. అయితే లెక్క యేర్పడినది 1927లో. ప్రతి పండ్రెండు ఖాళీలలో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, మహమ్మదీయులకు 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి 2, అణగద్రొక్కబడిన జాతులకు 1 చొప్పున వరుస నిర్ణయించిరి. 1947లో దీనిని పదునాలుగు ఖాళీల వరుసగా మార్చి, వెనుకబడిన హిందువులకు ప్రత్యేకముగా రెండు చేర్చిరి.

రాజ్యాంగము వచ్చిన పిమ్మట ఈ వరుస సుప్రీముకోర్టులో పరీక్షకు నిలిచెను. జిల్లా మునసబు ఉద్యోగములు 83 ఖాళీగా నుండగా, హరిజనులకు 19, మహమ్మదీయులకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతర హిందువులకు 32, బ్రాహ్మణులకు 11 అని మద్రాసు ప్రభుత్వము పంచియుండెను. ఒక బ్రాహ్మణ అభ్యర్థి న్యాయస్థానమునకు పోయెను. హరిజనులకును వెనుకబడిన హిందువులకును ప్రత్యేకించుట 16వ అధికరణములోని నాల్గవ ఉపవాక్యముచే చెల్లుననియు, తక్కిన స్థానములను కులములవారీగా విభజించి, ఆ పదునొకండు తప్ప తక్కిన వానికి అతనిని కులము కారణముగా దూరము చేయుట చెల్లదనియు 1951లో తీర్పు వచ్చెను. ఈ రెండు మాటలు కలిపి చదువుకొనవలెను. వెనుకబడినవారికి వంతు ఉండవచ్చును. ఊరిలోని కులములన్నిటికి గీతలు గీచి పంచిపెట్టుట కూడదు.

తరువాతి కథ దీర్ఘమైనది. 1992లో సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల తీర్పులో, కేంద్ర ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన తరగతులకు నూటికి 27 వంతులు ఒప్పుకొని, అట్టి వంతులు సాధారణముగా నూటికి 50 మించరాదని చెప్పెను. వంతు పొందినవారిలో సయితము తూము చెంతవారు, శివారువారు ఉందురుగదా యను ప్రశ్న మన రాష్ట్రమునుండియు బయలుదేరినది. షెడ్యూల్డు కులముల వాటాను నాలుగు భాగములుగా విభజించుచు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2000లో చేసిన శాసనమును సుప్రీముకోర్టు 2004లో కొట్టివేసెను. అదే న్యాయస్థానమున ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2024 ఆగస్టు 1న పాత అభిప్రాయమును త్రోసిపుచ్చి అట్టి విభజన చేయవచ్చుననెను. 2025లో రెండు తెలుగు రాష్ట్రములును ఆ వాటాను మూడు వర్గములుగా పంచినవి.

ఇంతవరకు వంతుల మాట. అయితే నీరు విడిచిన వార్తయే తెలియని రైతునకు వంతు ఉండి యేమి లాభము? ఈ భాగమును గూర్చి ఎవ్వరును అంతగా మాటలాడరు. మాకు మాత్రము గ్రామవాసుల విషయమున ఇదియే ముఖ్యమని తోచుచున్నది.

ఉపాధి కల్పన కార్యాలయములు, అనగా ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు, 1945లో యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకు పనులు చూపుటకై నెలకొల్పబడినవి. 1948లో వానిని అందరకు తెరచిరి. 1959లో ఒక చట్టము చేసి, ప్రభుత్వ కార్యాలయములును, ఇరువదియైదుగురికి తక్కువ కాకుండ పనివారు గల ప్రైవేటు సంస్థలును తమ ఖాళీలను ఈ కార్యాలయములకు తెలుపవలెనని విధించిరి. తెలుపుట విధియే గాని, అచ్చట పేరున్నవారినే తీసికొనవలెనను నిర్బంధము ఆ చట్టములో లేదు. ప్రైవేటు వ్యవసాయ క్షేత్రములలోని పనులకు, యంత్రములు నడుపువారి పని తప్ప, ఆ చట్టము వర్తింపలేదు.

అయినను ప్రభుత్వ శాఖలు క్రమముగా ఆ కార్యాలయము పంపిన పేర్లనే పిలుచుట వాడుక యయ్యెను. 1987లో సుప్రీముకోర్టు ప్రభుత్వ శాఖల విషయమున ఆ పద్ధతిని సమర్థించెను కూడ. దీనిలోని చిక్కు పల్లెవాని కెరుకయే. అప్పట్లో పేరు నమోదు చేయించుకొనుటకు జిల్లా పట్టణమునకు పోవలసియుండెను, గడువు తీరకముందే మరల పోయి పునరుద్ధరించుకొనవలసియుండెను. కోతల దినములలో గడువు దాటినచో, మరల క్రొత్తగా నమోదై వరుసలో కడపట నిలుచును. పేరున్నంత మాత్రమున పిలుపు వచ్చుననియు లేదు.

ఈ పద్ధతిని మార్చిన తీర్పు మన కృష్ణాజిల్లాలోని ఆబ్కారీ సూపరింటెండెంటు జరిపిన నియామకములనుండి పుట్టుట గమనింపదగినది. 1996లో ఆ వ్యాజ్యెమునందు సుప్రీముకోర్టు, ఉపాధి కార్యాలయమునుండి పేర్లు తెప్పించుకొనుటతో పాటు, విశేష ప్రచారము గల వార్తాపత్రికలలో ప్రకటించి, కార్యాలయపు నోటీసు పలకపై నంటించియో రేడియో, టెలివిజను మూలమున తెలియజేసియో, దరఖాస్తు పెట్టిన అర్హులందరిని పరిశీలింపవలెనని చెప్పెను. అప్పుడే అందరకు సమానావకాశము కలుగునని దాని భావము. న్యాయశాస్త్ర గ్రంథములలో ఈ తీర్పునకు పెద్ద పీట లేకపోవచ్చును గాని, శివారు పల్లెలో చదువుకొన్న పిల్లవానికి దీనివలన కలిగిన మేలు మిక్కుటము.

దీనికి రెండవ వైపు కూడ చెప్పవలెను. ప్రకటన లేకుండ, తెలిసినవారి మూలమున తాత్కాలికముగా చేరినవారు ఏండ్ల తరబడి పనిచేసి, స్థిరపరచుడని అడుగుచుందురు. 2006 ఏప్రిల్ 10న కర్ణాటక రాష్ట్రమునకు సంబంధించిన వ్యాజ్యెములో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అట్టివారికి స్థిరపరచబడు హక్కు లేదనెను. మంజూరైన స్థానములలో పదేండ్లకు పైగా, కోర్టు ఉత్తర్వుల బలము లేకుండ పనిచేసిన అర్హులను ఒక్క పర్యాయము మాత్రము పరిశీలింపవచ్చునని సడలింపు నిచ్చెను. పదునైదేండ్లు తక్కువ జీతమునకు చాకిరి చేసినవాని కడుపుమంట మాకు తెలియును. తీర్పు కఠినమే. కాని ఆ స్థానము ఖాళీగా నున్నదని తెలియక ఇంట కూర్చున్నవారు ఎందరో ఉందురు. వారు న్యాయస్థానమున కనబడరు.

ఇక మన ఇంటి సంగతి. 16వ అధికరణము ప్రభుత్వమును బంధించునది. సహకార సంఘము దానిక్రిందికి వచ్చునా రాదా యనునది, ఆ సంఘముపై ప్రభుత్వమునకు గల పెత్తనమునుబట్టి యుండును. అన్నియు వచ్చునని చెప్పరాదు. అయినను గుమాస్తాను, గిడ్డంగి కావలివానిని, కాటా వేయువానిని నియమించునపుడు మన సంఘములు చేయుచున్న దేమి? పాలకవర్గములోని వారి మేనల్లుడో, బావమరిదియో చేరిన తరువాతనే ఖాళీ యుండెనని సభ్యులకు తెలియుచున్నది. వాటా ధనము అందరిదిగదా. దండోరా వేయించుటకును, సంఘపు పలకపై ఒక కాగిత మంటించుటకును ఎంత వ్యయమగును? ఆడుపిల్లలు లెక్కలు చక్కగా వ్రాయగల ఊళ్ళలో సయితము గుమాస్తా పనికి వారిని అడిగినవారు అరుదు. రాబోవు మహాజన సభలో ఈ ప్రశ్న వేయుటకు సభ్యులకు పూర్తి హక్కు కలదు.

దరఖాస్తు పెట్టువారి కొక మాట. 1973లో జరిగిన 32వ రాజ్యాంగ సవరణచే 371-డి అధికరణము చేరినది. దాని ననుసరించి 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి, స్థానిక అభ్యర్థి యెవడో చదివిన ఏండ్లనుబట్టియు నివాసమునుబట్టియు నిర్ణయించు పద్ధతి యేర్పడినది. తెలంగాణమునకు 2018లో వేరొక ఉత్తర్వు వచ్చినది. కావున ఏ తరగతి ఏ యూర చదివినదియు బడినుండి వ్రాయించుకొని భద్రపరచుకొనవలెను. కుల ధ్రువపత్రమును ప్రకటన వెలువడిన తరువాత పరుగులెత్తి తెచ్చుకొనుటకంటె ముందే తీసియుంచుట మేలు. ప్రకటనలో వయస్సు లెక్కించు తేది యొకటి, దరఖాస్తు గడువు తేది వేరొకటి యుండును. ఈ రెండింటిని ఒకటిగా భావించి దరఖాస్తు పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము.