అమైనో ఆమ్లాలు, క్రియాటిన్: రొయ్యల చెరువు నుంచి జిమ్ దాకా

నెల్లూరు తీరంలో మైపాడు, ఇసకపల్లి వైపు అన్నం, చేపల పులుసు నిత్యం తినే తిండి. పోషకాహారం పాఠం మొత్తం ఆ కంచంలోనే ఉంది. ప్రోటీన్లను నిర్మించే ప్రామాణిక అమైనో ఆమ్లాలు 20. వాటిలో 9 మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే అందాలి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. పప్పన్నంలో ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. చేపలో తొమ్మిదీ ఉంటాయి. జిమ్ డబ్బాల మీది బీసీఏఏ అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్. ఆ మూడే ఉంటే చాలదు, తక్కిన ఆరూ అందితేనే కండ కడుతుంది.

జిమ్‌లో వినిపించే మరో పేరు క్రియాటిన్ దగ్గర కాస్త ఆగి చదవండి. ఆర్జినిన్, గ్లైసిన్, మెథియోనిన్‌ల నుంచి శరీరమే దీన్ని తయారు చేసుకుంటుంది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌గా నిల్వ ఉండి, బరువెత్తే తొలి క్షణాల్లో ఖర్చయిన ఏటీపీని (కండరానికి శక్తినిచ్చే అణువును) మళ్లీ నింపుతుంది. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జిమ్‌కు వెళ్లే ప్రతి తెలుగు కుర్రాడికీ ఈ పేరు తెలిసి ఉండాలి.

మన తీరంలోని చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య కండరంలో ఏటీపీని మళ్లీ నింపే పని ఫాస్ఫోఆర్జినిన్ చేస్తుంది. చేపలో మాత్రం ఫాస్ఫోక్రియాటినే. సకశేరుకాలు, అకశేరుకాల తేడాకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్పాయి. క్రియాటిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో లేదు, అనబాలిక్ స్టెరాయిడ్లు ఉన్నాయి.