గ్రూపు ప్రెజెంటేషన్: నలుగురూ కలిసి ఒప్పించడం ఎలా?



మన ట్రస్టు స్కాలర్‌షిప్ అందుకుంటున్న పిల్లల్లో చాలామందికి ఇప్పుడు స్కూల్లోనూ, కాలేజీలోనూ గ్రూపు ప్రెజెంటేషన్లు ఉంటున్నాయి. నలుగురైదుగురు కలిసి ఒక విషయం తీసుకొని స్లైడ్లు, ఫొటోలు, చిన్న వీడియో, మాట అన్నీ కలిపి ఎదుటివారిని ఒప్పించాలి. నేర్పే టీచర్లకూ, నేర్చుకునే మీకూ పనికివస్తాయని కొన్ని సంగతులు రాస్తున్నాను.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, ఇంట్లో కంప్యూటర్ ఉన్న అబ్బాయి స్లైడ్లన్నీ చేసేస్తాడు. ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన అమ్మాయి మాట్లాడేస్తుంది. మిగిలిన ఇద్దరిలో ఒకరు 'గుడ్ మార్నింగ్', ఇంకొకరు 'థాంక్యూ' చెబుతారు. మార్కులు నలుగురికీ సమానం. ఆ 'థాంక్యూ' చెప్పే పిల్ల చాలాసార్లు పల్లె నుంచి బస్సెక్కి వచ్చే పిల్ల, ఇంట్లో మొదటిసారిగా పై చదువుకు వచ్చిన పిల్ల అయి ఉంటుంది. స్కాలర్‌షిప్పులు ఉన్నదే అలాంటి పిల్లల కోసం. అందుకే ఈ పద్ధతి మారాలంటాను.

కలిసి ఒప్పించడం మనకు కొత్తేమీ కాదు. బుర్రకథ చూసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే అడగండి. ముగ్గురుంటారు. కథకుడు తంబురా పట్టుకొని కథ నడుపుతాడు. పక్కనున్న ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ 'తందాన' అంటుంటారు. వాళ్ళలో ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు ఆనాటి లోకవ్యవహారాలు కలుపుతారు. పాట, వాద్యం, అడుగు, వేషం అన్నీ ఒక్కసారే పనిచేస్తాయి. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా జనాన్ని ఆలోచింపజేయడానికి ఈ కళనే వాడుకున్నాయి. అందులో పేరు పొందిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. మనం గమనించవలసింది ఒకటుంది. వంతకు కథంతా తెలియకపోతే ఎక్కడ అడ్డుపడి ప్రశ్న వేయాలో తెలియదు. పని పంచుకున్నా, కథ మాత్రం ముగ్గురిదీ. మన పిల్లలు పనితోపాటు కథను కూడా ముక్కలు చేసుకుంటున్నారు, చిక్కంతా అక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విషయం: మన స్కూల్లో పూడిపోయిన వాననీటి గుంటను బాగుచేయడం. 2003లోనే తమిళనాడులో అన్ని భవనాలకూ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. గుంటలు ఉన్నాయి, కానీ చాలాచోట్ల మట్టి నిండిపోయి ఉన్నాయి.

మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోవద్దు. ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయండి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా. "హెడ్మాస్టరు గారు, తల్లిదండ్రుల సంఘం వారు అక్టోబరు వానలకు ముందే ఈ గుంట పూడిక తీయించాలి." ఇది కుదిరితే సగం పని అయినట్టే. 'నీటి ప్రాముఖ్యం' అని పేరు పెట్టుకుంటే వినేవారు తల ఊపి ఇంటికి వెళ్ళిపోతారు. బ్యాంకులో లోను దరఖాస్తు చూసినప్పుడు కూడా మేము మొదట చూసేది ఎంత, దేనికి, ఎప్పటికి తీరుస్తారు అనే కదా!

తరువాత ఒక్కొక్కరూ ఒక్కొక్క రుజువు తెచ్చుకోవాలి. తిరువళ్ళూరు పక్కనే పూండి జలాశయం ఉంది. 1944లో కొసస్థలై నది మీద పూర్తయింది. నిండితే 3,231 మిలియన్ ఘనపుటడుగుల నీరు పడుతుంది. కండలేరు నుంచి కృష్ణా నీళ్ళు వచ్చి చేరేదీ ఇక్కడికే. చెన్నైకి తాగునీరిచ్చే పూండిలాంటి జలాశయాలు 2019 వేసవిలో దాదాపు ఎండిపోతే, జులై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి రైల్లో 25 లక్షల లీటర్ల నీళ్ళు తెచ్చారు. ఇవన్నీ మంచి విషయాలే. కానీ మిలియన్ ఘనపుటడుగు అంటే వినేవారికి ఏం తెలుస్తుంది? లెక్కను వారి ఇంటి దాకా తేవాలి. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 1 సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. అంటే 2,500 మిద్దెల మీద ఆ ఒక్క సెంటీమీటరు వాన, ఒక నీళ్ళ రైలుతో సమానం. ఈ ఒక్క లెక్కకు పది స్లైడ్ల బలం ఉంది. పిల్లలే టేపు పట్టుకొని స్కూలు మిద్దె కొలిస్తే ఇంకా మంచిది. పూడిక తీయడానికి ఎంత ఖర్చవుతుందో మేస్త్రీని అడిగి ఆ అంకె కూడా వేయండి. ఖర్చు చెప్పని కోరికను ఎవరూ నమ్మరు.

ఫొటో కింద స్థలం, తేదీ రాయండి. తేదీ లేని వోచరు మా కౌంటరు దాటేది కాదు. 2019 నాటి ఎండిన పూండి ఫొటోను నిన్న తీసినట్టు చూపిస్తే, పట్టుబడిన క్షణాన మిగతా నిజాలు కూడా అబద్ధాలైపోతాయి. వీడియో ఒక నిమిషం మించనక్కరలేదు. బిందెతో బోరు దగ్గర నిలబడ్డ ఒక అవ్వ మాటను, ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ నిమిషం మీరు మాట్లాడకండి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోది. ఇక్కడ తెలుగు, తమిళం రెండూ వినబడతాయి. అవ్వ తెలుగులో చెబితే తెలుగులోనే ఉంచి, కింద తమిళంలో ఒక వరుస వేయండి. ఆ గొంతును ఇంగ్లీషులోకి మార్చి చదివితే అందులో ప్రాణం ఉండదు.

స్లైడు మీద పేరాలు పేరాలు రాసి చదవడం వద్దు. తెర సాక్షి, వాదించేది మీరు. ఎదుటివారి అభ్యంతరాన్ని కూడా మీరే ముందుగా ఎత్తండి. "గుంట తీస్తే దోమలు రావా?" అని గ్రూపులో ఒకరు అడగాలి, ఇంకొకరు గులకరాళ్ళు, ఇసుక వేసి పైన మూత పెట్టిన గుంటలో నీరు నిలవకుండా ఇంకిపోతుందని చెప్పాలి. బుర్రకథలో వంత చేసే పని ఇదే.

టీచర్లకు ఒక మనవి. ఎవరు ఏ భాగం చెప్పాలో ఆరోజు ఉదయం చీటీలు వేసి తేల్చండి. ఈ సంగతి పిల్లలకు వారం ముందే చెబితే నలుగురూ మొత్తం కథ నేర్చుకుంటారు, స్లైడ్లు చేసిన అబ్బాయి మిగతావారికి కంప్యూటర్ నేర్పక తప్పదు. ప్రశ్న కూడా ఆ భాగం చెప్పనివారినే అడగండి. మార్కుల్లో సగం గ్రూపుకు, సగం విడివిడిగా ఇస్తే న్యాయంగా ఉంటుంది. బెదిరిపోయే పిల్లను మాత్రం మొదటిసారే చీటీకి వదలకండి, ఒకటి రెండుసార్లు తరగతిలో చిన్న భాగం చెప్పించి చూడండి.

ఇక పరికరాల సంగతి. ఒక కంప్యూటర్లో చక్కగా కనిపించిన తెలుగు, తమిళ అక్షరాలు ఇంకో కంప్యూటర్లో గళ్ళుగా మారిపోతుంటాయి. యూనికోడ్ ఫాంటులోనే టైపు చేసి, పి.డి.ఎఫ్. కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి ఈమెయిల్‌లో ఉంచుకోండి. వీడియో ఫైలును విడిగా కూడా తీసుకెళ్ళండి. కరెంటు పోయినా చెప్పగలిగేలా ముఖ్యమైన ఆ లెక్కను ఒక చార్టు మీద రాసి పెట్టుకోండి. చివరి స్లైడు మీద 'థాంక్యూ' వేయకండి. మీ కోరిక, ఖర్చు, తేదీ వేయండి. ప్రశ్నలు అడిగినంతసేపూ తెర మీద ఉండేది ఆ స్లైడే.