కొత్త కాపురం - కొత్త నగరం

పాఠ్యభాగ ఉద్దేశం

చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, వివాహం చేసుకున్న యువతీయువకులకు ఎదురయ్యే తొలి పెద్ద ప్రశ్న ‘ఎక్కడ కాపురం పెట్టాలి?’ అన్నది. జీతం ఒక్కటే చూసి ఊరిని ఎన్నుకోవడం సరికాదనీ, ఆ నిర్ణయం భార్యాభర్తలిద్దరిదీ కావాలనీ తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇందుకు ఆధారం బేగంపేటలో చదువుకొన్న ఒక విద్యార్థి జీవితంలోని వాస్తవ ఘట్టం.

పాఠ్యభాగం

ఏ ఊరిలో నివసించాలి అనే విషయంలో తెలుగు పిల్లలకు అందే తొలి పాఠం సుమతీ శతకంలోనిది. చేబదులు ఇవ్వగలవారు, రోగానికి చికిత్స చేసేవారు, ఏడాది పొడవునా ఎండని నది, శుభాశుభ కార్యాలు జరిపించే బ్రాహ్మణుడు ఉన్న ఊరే నివాసయోగ్యమనీ, ఇవి లేని ఊరిలో అడుగుపెట్టవద్దనీ అందులోని ఒక పద్యం హితవు చెబుతుంది. ధనం, ఆరోగ్యం, నీరు, సాంఘిక జీవనం అనే నాలుగు అవసరాలను ఆ కవి చిన్న పద్యంలో ఇమిడ్చాడు. కాలం మారినా ఆ నాలుగు అవసరాలూ మారలేదు. చేబదులు ఇచ్చేవారి స్థానంలోకి బ్యాంకులు వచ్చాయి. నది స్థానంలోకి నల్లా నీరు వచ్చింది. వైద్యుని స్థానంలోకి పెద్ద ఆసుపత్రులు వచ్చాయి.

అయితే ఆ పద్యం ఒక్క వ్యక్తిని ఉద్దేశించి చెప్పినది. ఆ రోజులలో ఇంటి యజమాని ఎటు వెళితే కుటుంబం అటు వెళ్ళేది. వివాహమైన యువతి అత్తవారి ఊరికి వెళ్ళడమే ఆచారం కనుక, ఊరిని ఎన్నుకోవడం అనే ప్రశ్న ఆమెకు ఎదురయ్యేదే కాదు. నేటి పరిస్థితి వేరు. భార్యాభర్తలిద్దరూ చదువుకొన్నవారు, ఇద్దరూ ఉద్యోగాలు చేయగోరేవారు. ఇద్దరూ కలిసి ఉండగల ఊరు ఏది, ఇద్దరికీ పని దొరికే ఊరు ఏది అనే రెండు ప్రశ్నలు పాత పట్టికకు కొత్తగా చేరాయి. ఈ ప్రశ్నల బరువు ఎంతటిదో బేగంపేటను ఒకసారి పరికిస్తే తెలుస్తుంది.

బేగంపేట హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల నడుమ ఉన్న ప్రాంతం. నిజాం ప్రభువు కుమార్తె బషీరున్నిసా బేగంకు వివాహ సందర్భంలో కానుకగా లభించినందువల్ల దీనికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. 2008 మార్చి వరకు నగరానికి వచ్చిపోయే ప్రయాణికుల విమానాలన్నీ ఇక్కడి విమానాశ్రయం నుంచే నడిచేవి. ఆ నెలలో అవి శంషాబాద్‌కు తరలిపోయాయి. అదే సంవత్సరంలో ఇక్కడి పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు ప్రారంభమై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారే వరకు పనిచేసింది. కొత్తగా పెళ్ళైన జంటలు వీసా కోసం కాగితాల కట్టలతో బారులు తీరి నిలుచున్న వీధి అది. పరాయి దేశంలో కాపురం పెట్టాలనే ఆశ నెరవేరుతుందో లేదో అక్కడ కొద్ది నిమిషాలలో తేలిపోయేది.

ఈ బేగంపేటలోనే హైదరాబాద్ పబ్లిక్ స్కూలు ఉంది. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం జాగీర్దార్ కాలేజి అనే పేరుతో ఏర్పడిన ఈ సంస్థ, జాగీర్దారీ విధానం రద్దయిన తరువాత అందరికీ తలుపులు తెరిచింది. అడోబి సంస్థ అధిపతిగా పేరుపొందిన శంతను నారాయణ్, 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా ఇక్కడ చదివినవారే. 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవిని చేపట్టిన సత్య నాదెళ్ల కూడా ఈ బడి విద్యార్థే. ఆయన పదవి గురించి అందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళ వయసులో కొత్త కాపురం కోసం ఆయన తీసుకొన్న నిర్ణయం గురించి తెలిసినవారు తక్కువ.

సత్య నాదెళ్ల 1967లో హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐ.ఎ.ఎస్. అధికారి. తండ్రి బదిలీల కారణంగా కుటుంబం పలు ఊళ్ళు మారింది. చివరకు బేగంపేట బడి ఆయనకు స్థిరమైన చదువును ఇచ్చింది. మణిపాల్‌లో ఇంజనీరింగు పూర్తిచేసి, 1988లో ఆయన అమెరికా వెళ్ళారు. మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చదివి, కొంతకాలం సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఆ సంస్థ కార్యాలయం సియాటిల్ నగర సమీపంలోని రెడ్మండ్‌లో ఉంది. అదే ఏడాది ఆయనకు అనుపమతో వివాహమైంది. ఆమె తండ్రి కె.ఆర్. వేణుగోపాల్ కూడా ఐ.ఎ.ఎస్. అధికారే. అనుపమ భవన నిర్మాణ శిల్పాన్ని అభ్యసించినవారు.

నగరం నిర్ణయమైంది, ఉద్యోగం దొరికింది, వివాహమూ జరిగింది. కానీ భార్యాభర్తలు ఒక చోట ఉండే వీలు లేకపోయింది. దీనికి కారణం విచిత్రమైనది. సత్య నాదెళ్ల వద్ద అప్పటికే గ్రీన్ కార్డు, అంటే అమెరికాలో శాశ్వతంగా నివసించే హక్కుపత్రం ఉంది. ఎందరో ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఆ కార్డే వారి కాపురానికి అడ్డు వచ్చింది.

అమెరికా వలస చట్టం విదేశీయులను పలు తరగతులుగా విభజిస్తుంది. హెచ్-1బి వీసాపై వెళ్ళినవారు కొంతకాలం పనిచేసి తిరిగి వెళ్ళే తాత్కాలిక ఉద్యోగులు. వారి జీవిత భాగస్వామి, పిల్లలు వారితో కలిసి ఉండేందుకు ప్రత్యేక వీసా ఉంది. గ్రీన్ కార్డు పొందినవారి భార్య లేక భర్త మాత్రం వలస వచ్చేవారి లెక్కలోకి వస్తారు. ఆ తరగతికి ఏటా ఇచ్చే వీసాల సంఖ్యకు పరిమితి ఉంది. కోరేవారు ఎక్కువ, వీసాలు తక్కువ కావడంతో ఏళ్ళ తరబడి వేచి ఉండక తప్పదు. తాత్కాలిక ఉద్యోగి తన భార్యను వెంట తీసుకువెళ్ళగలడు. శాశ్వత నివాసి తీసుకువెళ్ళలేడు! ఈ నియమం కారణంగా అనుపమకు వీసా నిరాకరించారు.

ఆ దంపతుల ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, వంతు వచ్చే వరకు ఆమె ఇక్కడ, ఆయన అక్కడ ఉండడం. రెండవది, ఉద్యోగం వదలి ఆయన స్వదేశానికి తిరిగి రావడం. మూడవది, చేతిలోని గ్రీన్ కార్డును తిరిగి ఇచ్చివేసి, మళ్ళీ తాత్కాలిక ఉద్యోగిగా మారడం. మూడవ దారిలో ప్రమాదం లేకపోలేదు. హెచ్-1బి వీసా ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగం పోతే దేశంలో ఉండే అర్హత కూడా పోతుంది. ఒకసారి వదులుకొన్న కార్డు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పగలవారు లేరు.

1994 జూన్‌లో సత్య నాదెళ్ల ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్ళి, తన గ్రీన్ కార్డు తీసుకొని హెచ్-1బి వీసా ఇవ్వవలసిందని కోరారు. అక్కడి గుమాస్తా నివ్వెరపోయాడట. కార్డు కోసం వచ్చేవారే తప్ప, ఉన్న కార్డును వద్దనేవారు ఎక్కడ ఉంటారు? చివరకు ఆ కోరిక నెరవేరి, అనుపమ సియాటిల్ చేరుకొన్నారు. గ్రీన్ కార్డును వదులుకొన్న మనిషిగా సహోద్యోగులు తనను చెప్పుకొనేవారని ఆయన 2017లో వెలువడిన ‘హిట్ రిఫ్రెష్’ అనే తన పుస్తకంలో రాసుకొన్నారు. తానొక్కడు శాశ్వతంగా ఉండే హక్కు కంటే ఇద్దరూ కలిసి ఉండే అవకాశమే మిన్న అని ఆయన భావించారు.

ఇంతటితో కథ ముగియలేదు. 1996 ఆగస్టులో వారికి తొలి సంతానం కలిగింది. నెలలు నిండక ముందే, తల్లి గర్భంలో శిశువు కదలికలు తగ్గడంతో, బెల్వ్యూ అనే పట్టణంలోని ఆసుపత్రిలో అత్యవసరంగా శస్త్రచికిత్స చేశారు. పుట్టిన బిడ్డ ఏడవలేదు. అక్కడి నుంచి వాషింగ్టన్ సరస్సును దాటించి, సియాటిల్ నగరంలోని పిల్లల ఆసుపత్రికి తరలించారు. జైన్ అనే ఆ బాలునికి మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం వల్ల కలిగే సెరిబ్రల్ పాల్సీ వ్యాధి ఉన్నట్లు తేలింది. అప్పటి వరకు ఉద్యోగం గురించి, సెలవుల గురించి ఆలోచిస్తూ ఉన్న ఆ ఇంటి దినచర్య పూర్తిగా మారిపోయింది. బిడ్డను ఒక చికిత్స నుంచి మరొక చికిత్సకు తీసుకువెళ్ళే బాధ్యతను అనుపమ స్వీకరించారు. ‘నాకే ఎందుకిలా జరిగింది?’ అని తాను కుమిలిపోతూ ఉండగా, జరిగింది తనకు కాదనీ, బిడ్డకనీ గ్రహించడానికి ఆమె ఆచరణే దారి చూపిందని సత్య నాదెళ్ల స్పష్టంగా అంగీకరించారు.

సియాటిల్‌ను వారు ఎన్నుకొన్నది ఉద్యోగం కోసం. ఆ నగరాన్ని వారికి సొంత ఊరుగా చేసినది ఆసుపత్రి. సుమతీ శతకం చెప్పిన వైద్యుడు వారి జీవితంలో ఆ విధంగా ప్రత్యక్షమయ్యాడు. 2021లో ఆ దంపతులు ఆ ఆసుపత్రికి ఒకటిన్నర కోట్ల డాలర్ల విరాళం ఇచ్చారు. 2022 ఫిబ్రవరిలో జైన్ కన్నుమూశాడు. అంతకుముందు కుమార్తెలలో ఒకరి చదువుకు అనువైన పాఠశాల కెనడాలోని వాంకూవర్‌లో ఉందని తెలిసి, ఆ కుటుంబం కొన్నేళ్ళపాటు రెండు నగరాల మధ్య తిరుగుతూ జీవించింది. ఊరిని ఎన్నుకోవడం ఒక్కరోజుతో ముగిసే పని కాదు. పిల్లలు పుట్టినప్పుడు, పెద్దలు అనారోగ్యం పాలైనప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది.

ఈ ఘట్టం సంపన్నులకు మాత్రమే సంబంధించినది కాదు. 1994లో ఆయన ఒక సామాన్య ఉద్యోగి. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు, శ్రీకాకుళం నుంచి చెన్నైకి వెళ్ళే ప్రతి యువజంటకూ ఇది వర్తిస్తుంది. దూరపు కొండలు నునుపు అన్న సామెత నగరాల విషయంలోనూ నిజమే. జీతం అంకె ఉత్తరంలో కనబడుతుంది; ఇంటి అద్దె, ముందుగా చెల్లించే అడ్వాన్సు, వేసవిలో నీటి ట్యాంకరుకు పెట్టే ఖర్చు అందులో కనబడవు. కార్యాలయానికి పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర పట్టే చోట ఇల్లు తీసుకొంటే, నెలకు ఇరవై ఐదు పనిదినాలలో డెబ్బై ఐదు గంటలు, అంటే మూడు పగళ్ళూ మూడు రాత్రులకు మించి దారిలోనే గడిచిపోతాయి. భార్య సికింద్రాబాద్‌లో, భర్త హైటెక్ సిటీలో పనిచేస్తూ ఉంటే, ఒకరి కార్యాలయం పక్కనే ఇల్లు తీసుకోవడం రెండవవారి మీద భారం మోపడమే. బేగంపేట వంటి నడిమి చోటు ఇద్దరికీ న్యాయం చేస్తుంది. 2003 నుంచి ఎం.ఎం.టి.ఎస్. రైలు, 2019 నుంచి హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు ఈ ప్రాంతాన్ని ఆ రెండు దిక్కులతోనూ కలుపుతున్నాయి.

అందువల్ల కొత్త కాపురం పెట్టబోయేవారు ఒక కాగితం మీద రెండు పట్టికలు రాసుకోవడం మంచిది. ఒకటి ఆమెది, రెండవది అతనిది. పని, చదువు, అద్దె, నీరు, ప్రయాణం, వైద్యం, భాష, ఇరువైపుల తల్లిదండ్రులకు ఉన్న దూరం - ఇవన్నీ ఇద్దరూ విడివిడిగా రాసి, తరువాత కలిపి చదువుకోవాలి. రెండు పట్టికలలోనూ ఉన్నదానికి మొదటి స్థానం ఇవ్వాలి. ఒకరు ఏదైనా వదులుకోవలసివస్తే, వదులుకొన్నది ఏమిటో రెండవవారికి తెలిసి ఉండాలి. అడగకుండా తీసుకొన్న త్యాగం కాలక్రమంలో కొరతగా మిగిలిపోతుంది. ఇద్దరూ తెలిసి చేసిన నిర్ణయంలో పొరపాటు దొర్లినా, దానిని దిద్దుకొనే ఓర్పు ఇద్దరికీ ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

చేబదులు = వడ్డీ లేకుండా కొద్దికాలానికి ఇచ్చే అప్పు
నివాసయోగ్యం = నివసించడానికి తగినది
పరికించు = శ్రద్ధగా చూచు
నివ్వెరపోవు = ఆశ్చర్యంతో నిశ్చేష్టుడగు
ప్రాణవాయువు = ఆక్సిజన్
కుమిలిపోవు = లోలోపల బాధపడు
కొరత = లోటు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. సత్య నాదెళ్ల గ్రీన్ కార్డును వదులుకోవడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. కొత్త నగరాన్ని ఎన్నుకొనే యువ దంపతులు ఆలోచించవలసిన అంశాలను పాఠం ఆధారంగా రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. సుమతీ శతక పద్యం ప్రకారం నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసినవి ఏవి? వాటికి నేటి కాలంలో చేరిన ప్రశ్నలు ఏవి?
2. హెచ్-1బి వీసా గలవారికీ, గ్రీన్ కార్డు గలవారికీ కుటుంబాన్ని తీసుకువెళ్ళే విషయంలో గల భేదం ఏమిటి?
3. సియాటిల్ నగరం ఆ దంపతులకు సొంత ఊరు కావడానికి కారణం ఏమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. హైదరాబాద్ పబ్లిక్ స్కూలు మొదట ఏ పేరుతో, ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు ఎప్పుడు తరలిపోయాయి?

భాషా కృత్యం

మీ ఇంటిలోని పెద్దలు తాము కాపురం పెట్టిన ఊరిని ఎట్లా ఎన్నుకొన్నారో, ఆ నిర్ణయం ఎవరిదో అడిగి తెలుసుకొని, పదిహేను వాక్యాలలో రాయండి.