పత్తి ఏరే రోజుల్లో పాఠాలు

ప్రశ్న: మా ఊళ్లో పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా పాఠాలు చెబుతున్నాను. దసరా దాటాక సగం మంది మానేశారు. ఏం చేయను?
– డిగ్రీ విద్యార్థి, నల్లగొండ జిల్లా

జవాబు: దసరా దాటిందంటే మీ వైపు పత్తి ఏరే రోజులు. కిలోల లెక్కన కూలి కాబట్టి ఎన్ని చేతులుంటే అంత డబ్బు. పిల్లల్ని నిలదీయకండి. పొదుపు సంఘం మీటింగుకు వెళ్లి తల్లులతో మాట్లాడండి. ఉపన్యాసం వద్దు, అది వాళ్లు చాలాసార్లు విన్నారు! బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో సీటిస్తారని, పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా ఉందని చెప్పండి. క్లాసు రాత్రి అన్నాలయ్యాక పెట్టండి. పత్తి డొప్పలకు గీసుకుపోయిన వేళ్లతో రాయడం కష్టం. ఏరే రోజుల్లో లెక్కలు నోటితోనే చేయించండి. ఆడపిల్లల్ని ఇంటిదాకా దిగబెట్టే మనిషిని ముందే చూసుకోండి, లేదంటే వాళ్లే మొదట మానేస్తారు.